పొట్టలో పోసిన మందు మూలుగ దాకా ఎలా వెళ్తుంది?

ఒక రోగి రక్తపరీక్ష కాగితాలను తేదీల వరుసలో బల్ల మీద పేర్చామనుకుందాం. పొట్ట తెరిచి పది గంటల ఆపరేషన్ చేశారు. అదే పూట, అదే బల్ల మీద, పొట్ట లోపల వేడి కీమో మందు తిప్పారు. మూడో రోజున తెల్ల రక్తకణాలు 16,000. ఇన్‌ఫెక్షన్ వచ్చేసిందని ఇంటిల్లిపాదీ హడలిపోయారు. ఆరో రోజున 7,000. పక్కనే నార్మల్ అని అచ్చయి ఉంది కాబట్టి అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తొమ్మిదో రోజున 1,100.

హడలిపోయిన రోజున అంత హడలిపోవలసింది లేదు. ఊపిరి పీల్చుకున్న రోజుకే అసలు జారుడు మొదలై ఉంది. మూడు అంకెలూ సరైనవే. ఆపరేషన్ తర్వాత అది ఎన్నో రోజు అంకె అన్నది చూడకుండా చదవడంలోనే పొరపాటు. హైపెక్ అని పిలిచే ఈ చికిత్స తర్వాత రక్తంలో రెండు కథలు కలిసి నడుస్తాయి. ఒకటి కత్తి చేసిన గాయానిది, రెండోది మందు కొట్టిన దెబ్బది. ల్యాబు కాగితం మాత్రం రెండింటినీ కలిపి ఒకే అంకెగా ఇస్తుంది.

ముందు పొట్ట సంగతి

ఉదరంలోని అవయవాలను కప్పుతూ, పొట్ట గోడకు లోపలి అస్తరులా ఉండే పలుచని పొర పేరు పెరిటోనియం. మడతలన్నీ విప్పి పరిస్తే దాని వైశాల్యం దాదాపు మన ఒంటి చర్మమంత ఉంటుంది. అపెండిక్స్, పెద్దపేగు, అండాశయం వంటి చోట్ల పుట్టిన కేన్సర్లు కొన్నిసార్లు ఈ పొర మీద విత్తనాలు చల్లినట్టు పరుచుకుంటాయి. ఆ చిన్న చిన్న గడ్డలకు రక్తసరఫరా అంతంత మాత్రం కాబట్టి, నరంలోకి ఎక్కించే కీమో వాటిని సరిగా చేరుకోలేదు.

అందుకే మందును నేరుగా పొట్టలోనే పోయాలన్న ఆలోచన వచ్చింది. వేడి చేసిన మందును పంపుతో పొట్టలో తిప్పే పద్ధతిని అమెరికాలోని లూయీవిల్‌లో జాన్ స్ప్రాట్ బృందం 1980లో ప్రచురించింది. పెరిటోనియాన్ని ఒలిచే శస్త్రచికిత్సా పద్ధతిని పాల్ షుగర్‌బేకర్ 1990లలో తీర్చిదిద్దాక ఇది ఒక స్థిరమైన చికిత్సగా రూపుదిద్దుకుంది. కంటికి కనిపించే గడ్డలన్నిటినీ ముందు తీసేస్తారు. అవసరాన్ని బట్టి పొర ముక్కలు, పేగులో కొంత భాగం, ఒక్కోసారి ప్లీహం కూడా పోతాయి. ఆ తర్వాత 41 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ వేడిలో మందు కలిపిన ద్రవాన్ని గొట్టాల ద్వారా అరగంట నుంచి గంటన్నర దాకా తిప్పి, తోడేసి, కడిగేస్తారు.

ఇంత కష్టపడి గడ్డలు తీసేసిన తర్వాతే మందు ఎందుకు పోస్తారంటే, అది కణజాలంలోకి ఇంకేది రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకే. రేగిపండంత గడ్డ మిగిలితే దాని నడిబొడ్డుకు మందు అందదు. కత్తి మిగిల్చిన దుమ్ము ధూళిని ఊడవడం వరకే మందు పని.

గోడ ఉంది, కానీ కన్నాలున్న గోడ

పొట్టలోని ద్రవానికీ రక్తానికీ మధ్య ఒక సహజమైన అడ్డు ఉంది. ఈ అడ్డు వల్ల మందు పొట్టలో చిక్కగా నిలుస్తుంది, రక్తంలోకి నెమ్మదిగా, పలుచగా దిగుతుంది. అణువు పెద్దదైతే దాటడం మరింత కష్టం. మైటోమైసిన్ అనే కీమో మందు విషయంలో పొట్టలో ఉండే మోతాదు రక్తంలో ఉండే మోతాదుకు ఇరవై రెట్లకు పైనే. పాక్లిటాక్సెల్ లాంటి పెద్ద అణువుకైతే ఈ తేడా వందల రెట్లు. కొంత మందు కాలేయం గుండా వెళ్లే రక్తనాళాల్లో చేరుతుంది కాబట్టి, ఒంటికంతటికీ చేరేలోపు కాలేయం దానిలో కొంత విరిచేస్తుంది కూడా.

ఈ రెట్లు చూపించి, మందు పొట్టలోనే ఉండిపోతుందని, దుష్ప్రభావాలు ఉండవని చెప్పేవాళ్లున్నారు. నాకు ఈ మాట నచ్చదు. నిష్పత్తి గొప్పదే, అయితే మనం వేసిన మొత్తమూ గొప్పదే. మైటోమైసిన్‌ను నరంలోకి ఒంటరిగా ఇచ్చేటప్పుడు చదరపు మీటరు శరీర వైశాల్యానికి 20 మిల్లీగ్రాములను పై హద్దుగా తీసుకుంటారు, అది కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారే. హైపెక్‌లో నెదర్లాండ్స్ పద్ధతి ప్రకారం చదరపు మీటరుకు 35 మిల్లీగ్రాములు, మూడు విడతలుగా ఒకే పూటలో పోస్తారు. తోడేసిన ద్రవంతో పాటు కొంత బయటికి పోతుంది, కొంత కణజాలంలో చిక్కుకుంటుంది. మిగిలింది రక్తంలో కలుస్తుంది. ఎముకల లోపల రక్తకణాలను తయారు చేసే మూలుగను తాకడానికి ఆ మిగిలింది చాలు.

ఇక వేడి విషయం. చాలామంది ‘వేడి కీమో’ అన్న మాట విని, ఆ వేడికే మూలుగ ఉడికిపోయిందనుకుంటారు. వేడి చేసే పనంతా పొట్టలోనే. మందు కణాల్లోకి దూరడాన్ని పెంచుతుంది, దెబ్బతిన్న డీఎన్‌ఏను కేన్సర్ కణం మళ్లీ అతికించుకోకుండా అడ్డుపడుతుంది. రోగి ఒంటి ఉష్ణోగ్రత 38, 39 డిగ్రీల దగ్గర ఉండేలా మత్తువైద్యులు చల్లబరుస్తూ ఉంటారు. ఆ మాత్రం వేడి మామూలు జ్వరంలోనూ చూస్తాం. కణాలు పడిపోతే ప్రధానంగా నిందించవలసింది రక్తంలోకి జారిన మందునే.

మూలుగలోని సరుకు నిల్వ

మూలుగ రోజుకు దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్ తయారు చేస్తుంది. తెల్ల రక్తకణాల్లో సూక్ష్మక్రిములను ముందుగా ఎదుర్కొనే సేన ఇదే. ఎర్ర కణాలైతే సెకనుకు ఇరవై లక్షలు. ఇంత జోరుగా విభజన చెందే కణాలు మరే అవయవంలోనూ అరుదు. విభజన చెందే కణాలనే కొట్టే మందుకు ఇంతకంటే సులువైన గురి దొరకదు.

మందు పోసిన మర్నాడే కణాలు పడిపోవు. న్యూట్రోఫిల్ తయారీలో రెండు దశలున్నాయి. మొదటి దశలోని కణాలు విభజన చెందుతూ సంఖ్య పెంచుతాయి. రెండో దశకు చేరినవి విభజన మానేసి, ముదురుతూ, రక్తంలోకి వెళ్లే వంతు కోసం మూలుగలోనే ఎదురు చూస్తాయి. మందు దెబ్బ మొదటి దశ మీద. రెండో దశలోనివి అప్పటికే విభజన ముగించినవి కాబట్టి తప్పించుకుని, మరికొన్ని రోజులు రక్తానికి సరఫరా అవుతూనే ఉంటాయి. కొలిమి ఆరిపోయినా గోదాములో సరుకు ఉన్నన్నాళ్లూ దుకాణం తెరిచే ఉంటుంది. గోదాము ఖాళీ అయిన రోజున లోటు ఒక్కసారిగా బయటపడుతుంది. హైపెక్ తర్వాత అది ఎక్కువగా మొదటి వారం చివరి నుంచి రెండో వారంలోపు కనిపిస్తుంది. న్యూట్రోఫిల్ ఒకసారి రక్తంలోకి వచ్చాక బతికేది గంటల లెక్కలోనే కాబట్టి పాత కణాలతో సర్దుకునే వీలుండదు.

ఎర్ర కణాల లెక్క వేరు. ఒక్కొక్కటీ సుమారు 120 రోజులు బతుకుతుంది. అంటే రోజుకు అరిగిపోయేది వందలో ఒకటి కంటే తక్కువ. మూలుగ పది రోజులు పూర్తిగా పడకేసిందనుకున్నా, 12 గ్రాముల హిమోగ్లోబిన్ 11 దగ్గరకు దిగుతుంది, అంతే. కాబట్టి ఆపరేషన్ తర్వాత మూడో రోజున హిమోగ్లోబిన్ 8కి పడిపోతే, కీమో ఎర్ర కణాల తయారీని ఆపేసిందనే వివరణ లెక్కకు నిలవదు. కారిన రక్తం, నరంలోకి ఎక్కించిన లీటర్ల కొద్దీ ద్రవాలు, లోపల ఎక్కడైనా ఇంకా కారుతోందేమోనన్న అనుమానం, ముందు వెతకవలసినవి ఇవి.

ప్లేట్‌లెట్లు ఈ రెండింటికీ మధ్యన ఉంటాయి. ఆయుష్షు ఏడు నుంచి పది రోజులు.

కత్తి కథ

పెద్ద ఆపరేషన్ ఏదైనా సరే, శరీరం దాన్ని దాడిగానే భావిస్తుంది. కార్టిసాల్, అడ్రినలిన్ పెరుగుతాయి. రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉన్న న్యూట్రోఫిల్స్ విడివడి ప్రవాహంలోకి వస్తాయి. మూలుగ గోదాము తలుపులు బార్లా తెరుచుకుంటాయి. మన మొదటి కాగితం మీది 16,000 ఇదే. మందు దెబ్బ ఉన్నా లేకపోయినా ఆ అంకె వచ్చేదే. పైగా ఇప్పుడు విచ్చలవిడిగా బయటికి పంపిన సరుకంతా గోదాములోంచి వచ్చిందే. కొత్త సరుకు రాని వారంలో పాత సరుకును ఇలా ఖర్చు పెట్టేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

ప్లేట్‌లెట్లను ఆపరేషన్ మొదట కిందికి లాగుతుంది. గాయాలు మూసుకోవడానికి ఖర్చవుతాయి, ద్రవాలతో పలుచనవుతాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య తక్కువకు చేరి, తర్వాత పైకెగబాకుతాయి. ఏ మందూ లేని పెద్ద ఆపరేషన్లలో రెండో వారానికి అవి మామూలు కంటే ఎక్కువగా కనిపించడం సహజం. అందువల్ల మూడో రోజు తగ్గుదల మందు పని కాదు. రెండో వారంలో పెరగవలసిన ప్లేట్‌లెట్లు పెరగకపోతే, అప్పుడు మందును అనుమానించాలి.

ఇక్కడ మూడో దొంగ కూడా ఉన్నాడు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఈ రోగులకు హెపారిన్ ఇస్తారు. కొద్దిమందిలో ఆ హెపారిన్‌కే శరీరం ఎదురు తిరిగి, మొదలుపెట్టిన అయిదు నుంచి పది రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి సగం పడిపోతాయి. విచిత్రమేమిటంటే అప్పుడు ప్రమాదం రక్తస్రావం కాదు, రక్తం గడ్డలు కట్టడం. మందు వల్ల మూలుగ నీరసపడే రోజులూ సరిగ్గా అవే. కీమో ఇచ్చాం కదా అని సర్దిచెప్పుకుని హెపారిన్ కొనసాగిస్తే జరిగే నష్టం చిన్నది కాదు.

ప్లీహం తీసేస్తే

ఒంట్లోని ప్లేట్‌లెట్లలో దాదాపు మూడో వంతు ఎప్పుడూ ప్లీహంలో దాగి ఉంటాయి. ప్లీహం పోతే అవన్నీ ప్రవాహంలోనే ఉంటాయి. తెల్ల కణాలు కూడా వారాల తరబడి ఎక్కువగా కనిపిస్తాయి. అంటే ప్లీహం తీసేసిన రోగి కాగితం మీద అంకెలు అందంగా ఉంటాయి, మూలుగకు తగిలిన దెబ్బ సగం మరుగునపడుతుంది. అంకెలు బాగున్నా రక్షణ మాత్రం తగ్గుతుంది. న్యుమోకాకస్ వంటి బ్యాక్టీరియాను వడపోసే జల్లెడ ఇక లేదు. అందుకే ఆపరేషన్‌కు కనీసం రెండు వారాల ముందో, అది కుదరకపోతే రెండు వారాల తర్వాతో టీకాలు వేస్తారు. ప్లీహం తీయాల్సి వస్తుందో రాదో సర్జన్‌కు కూడా పొట్ట తెరిచేదాకా కచ్చితంగా తెలియదు. ముందే వేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

ఎవరికి ఎక్కువ?

మొదటి తేడా మందుది. మూలుగను గట్టిగా పట్టుకునేది మైటోమైసిన్. 2009లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆ మందుతో చేసిన 117 చికిత్సలను చూస్తే, దాదాపు 39 శాతంలో న్యూట్రోఫిల్స్ తీవ్రంగా తగ్గాయి. ఊరటనిచ్చే సంగతి కూడా అందులోనే ఉంది. ఆ తగ్గుదల వల్ల మరణాలు పెరిగినట్టు కనిపించలేదు. సిస్‌ప్లాటిన్ ముందుగా మూత్రపిండాలను ఇబ్బంది పెడుతుంది. ఎర్ర కణాలు తయారు చేయమని మూలుగకు కబురు పంపే ఎరిత్రోపొయిటిన్ హార్మోను పుట్టేది అక్కడే కాబట్టి, ఆ దెబ్బ వారాల తర్వాత రక్తహీనతగా తేలవచ్చు. ఆక్సాలిప్లాటిన్‌తో సర్జన్లు ఎక్కువగా భయపడేది ఆపరేషన్ తర్వాతి రక్తస్రావానికి.

అదే అధ్యయనంలో ఆడవాళ్లకు ముప్పు ఎక్కువని తేలింది. దీనిలో కొంత లెక్క సులువుగా తేలుతుంది. అమెరికాలో చాలా చోట్ల మైటోమైసిన్‌ను మనిషి సైజుతో సంబంధం లేకుండా 40 మిల్లీగ్రాములు పోస్తారు. రెండు చదరపు మీటర్ల శరీర వైశాల్యం ఉన్న మనిషికి అది మీటరుకు 20, ఒకటిన్నర చదరపు మీటర్లున్న సన్నని మనిషికి దాదాపు 27. పోసిన మందు ఒకటే, పడిన దెబ్బలో మూడో వంతు తేడా. అయితే మోతాదును విడిగా లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆడవాళ్ల ముప్పు ఎక్కువగానే మిగిలింది.

హైపెక్‌కు ముందు ఎన్ని విడతల కీమో తీసుకున్నారన్నది కూడా ముఖ్యమే. అలసిపోయిన మూలుగకు తిరిగి లేవడం కష్టం. అందుకే చివరి విడతకూ ఆపరేషన్‌కూ మధ్య సాధారణంగా కొన్ని వారాల విరామం ఇస్తారు.

అసలు భయం ఎక్కడ?

న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కంటే తగ్గితే అత్యంత తీవ్ర స్థాయి. మామూలు కీమో రోగికి ఆ స్థితిలో జ్వరం వస్తే గంటలోపు యాంటీబయోటిక్ మొదలుపెడతారు. హైపెక్ రోగికి అంతకంటే పెద్ద చిక్కుంది. పేగు కోసి అతికించిన చోట లీకయ్యే అవకాశం అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య ఎక్కువ. న్యూట్రోఫిల్స్ అడుగంటే రోజులు కూడా దాదాపు అవే.

లీకైతే మామూలుగా తెల్ల కణాలు పెరిగి హెచ్చరిస్తాయి, చీము పడుతుంది, పొట్ట గట్టిపడుతుంది. ఈ రోగిలో పెరగడానికి కణాలే లేవు. చీమంటే చచ్చిన న్యూట్రోఫిల్సే కాబట్టి అదీ పడదు. కాపలా కుక్క నిద్రపోతున్న ఇంట్లో దొంగ పడ్డట్టు. అందుకే అనుభవమున్న బృందాలు ఈ అయిదారు రోజుల్లో తెల్ల కణాల అంకె మామూలుగా ఉందని తృప్తిపడవు. కాలేయంలో తయారయ్యే సీఆర్‌పీ అనే ప్రోటీన్‌ను చూస్తాయి. దాన్ని పెంచడానికి మూలుగ సాయం అక్కర్లేదు. మూడో రోజు తర్వాత దిగుముఖం పట్టవలసిన సీఆర్‌పీ మళ్లీ పెరిగితే, నాడి వేగం పెరిగితే, జ్వరం లేకపోయినా స్కాన్‌కు పంపుతారు.

న్యూట్రోఫిల్స్‌ను త్వరగా పెంచే ఇంజెక్షన్ ఉంది, ఫిల్‌గ్రాస్టిమ్. రోజుకు కిలో బరువుకు 5 మైక్రోగ్రాములు. అది మూలుగను తొందరపెడుతుంది, దానితో పాటు ఎముకల నొప్పులూ తెస్తుంది. ఇంజెక్షన్ ఇస్తూ ఉండగా వచ్చిన అంకెను చూసి కోలుకున్నారని చెప్పకూడదు. ఆపేశాక ఒకటి రెండు రోజుల్లో అందులో సగం జారిపోవడం మామూలే. అది మళ్లీ పడిపోవడం కాదు, తోసిన చెయ్యి తీసేశాక మిగిలిన సొంత బలం.

రక్తహీనత మాత్రం ఇంత నాటకీయంగా ఉండదు, నెలల తరబడి సాగుతుంది. గాయం మానుతున్నన్నాళ్లూ శరీరంలోని మంట (ఇన్‌ఫ్లమేషన్) హెప్సిడిన్ అనే హార్మోనును పెంచుతుంది. అది పేగుల నుంచి ఇనుము రాకుండా తలుపు వేస్తుంది, నిల్వలోని ఇనుమునూ బిగించి పట్టుకుంటుంది. ఆ సమయంలో ఇనుము మాత్రలు మింగితే మలబద్ధకమే మిగులుతుంది. నరంలోకి ఎక్కించే ఇనుము కొంత నయం. హిమోగ్లోబిన్ 7, 8 గ్రాముల దాకా దిగితేనే సాధారణంగా రక్తం ఎక్కిస్తారు. అరుదైన మరో సంగతి మాత్రం చెప్పి తీరాలి. మైటోమైసిన్ తీసుకున్న కొద్దిమందిలో, వారాలు నెలలు గడిచాక, హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ కలిసి పడిపోయి, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది. సన్నని రక్తనాళాలు దెబ్బతిని ఎర్ర కణాలు ముక్కలవుతున్నాయని దాని అర్థం. అప్పుడు మూలుగ మీద నెపం వేసి ఎదురుచూడకూడదు.

ఇంత తంటా దేనికి?

న్యాయమైన ప్రశ్నే. జవాబు కేన్సర్‌ను బట్టి మారుతుంది. అండాశయ కేన్సర్ మూడో దశలో ఉన్న 245 మంది మహిళల మీద నెదర్లాండ్స్‌లో జరిగి 2018లో వెలువడిన ట్రయల్‌లో, ఆపరేషన్‌కు సిస్‌ప్లాటిన్ హైపెక్ జోడించినవారి మధ్యస్థ జీవితకాలం 45.7 నెలలు, జోడించనివారిది 33.9 నెలలు. పెద్దపేగు కేన్సర్ పెరిటోనియానికి పాకిన 265 మంది మీద ఫ్రాన్స్‌లో జరిగి 2021లో వెలువడిన ట్రయల్‌లో, ఆక్సాలిప్లాటిన్ హైపెక్ వల్ల ఆయుష్షులో తేడా రాలేదు. 41.7 నెలలు, 41.2 నెలలు. అరవై రోజుల నాటికి తీవ్రమైన ఇబ్బందులు మాత్రం హైపెక్ తీసుకున్నవారిలోనే ఎక్కువ. ఆ ట్రయల్‌లో మందు తిప్పింది అరగంటే, వాడింది ఒక్క మందే అని వాదించేవాళ్లున్నారు. వాదనలో పస ఉంది. కానీ మూలుగ చెల్లించే మూల్యానికి ప్రతిఫలం ఉందని చూపించే బాధ్యత చికిత్స ఇచ్చేవారిదే.

ఆ మూల్యంలో మరో భాగం కాలం. హైపెక్ తర్వాత చాలామందికి నరంలోకి కీమో కొనసాగించాలి, వీలైతే ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు. న్యూట్రోఫిల్స్ 1,500, ప్లేట్‌లెట్లు లక్ష దాటితే గాని సాధారణంగా మొదలుపెట్టరు. రక్తం ఆలస్యంగా తేరుకుంటే మిగిలిన చికిత్స వెనక్కి జరుగుతుంది.

మళ్లీ బల్ల మీది కాగితాలకు వద్దాం. పదకొండో రోజున తెల్ల కణాలు 1,300. చూడగానే మనసు చివుక్కుమంటుంది, రెండు రోజుల్లో పెరిగింది రెండు వందలే. కానీ కింద చిన్న అక్షరాల్లో కణాల వాటా ఉంటుంది. తొమ్మిదో రోజున ఒక శాతం ఉన్న మోనోసైట్లు అనే రకం తెల్ల కణాలు ఈరోజు పద్దెనిమిది శాతం. మూలుగ మళ్లీ పని మొదలుపెట్టినప్పుడు న్యూట్రోఫిల్స్ కంటే ముందు రక్తంలోకి వచ్చేవి ఇవే. న్యూట్రోఫిల్స్ వెనకాలే దారిలో ఉన్నాయి. పదమూడో రోజు కాగితం మీద మొత్తం 3,900.